మడమ కింద కాయితమంత ఖాళీ

మా షెడ్డులో చేతులు నాలుగే రకాలు. పైకెత్తి జనానికి దణ్ణం పెట్టే చెయ్యి, వేలు చాపి దారి చూపించే చెయ్యి, పుస్తకం పట్టుకున్న చెయ్యి, ఊరికే పక్కన వేలాడే చెయ్యి. తెనాలిలో విగ్రహాలు పోసే ఇళ్ళలో మాదొకటి. ఎనభైల్లో ఊరూరా సెంటర్లో విగ్రహం పెట్టే ఊపు వచ్చింది. రేపల్లె, బాపట్ల, భట్టిప్రోలు, జంపని, ఎక్కడ నాలుగు రోడ్లు కలిస్తే అక్కడ ఒక సిమెంటు దిమ్మె లేచేది. దానిమీదికి మనిషి కావాలని మా నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళు. నాన్న అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "చెయ్యి పైకాండీ, ముందుకాండీ?"

ముఖాలు నాన్న చేసేవాడు. నా పని ముడతలు. పంచె కుచ్చిళ్ళు, కండువా మడతలు, లాల్చీ చంక దగ్గర పడే గీతలు, ఇవన్నీ మైనంలో నేనే తీసేదాన్ని. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన పని, చివరికి నా చెయ్యి పడందే ఏ నాయకుడికీ పంచె నిలవదన్నంత దాకా వచ్చింది. నాకొక జబ్బుంది. ఎవరైనా ఏదైనా చేస్తుంటే ఎందుకలా అని అడక్కుండా ఉండలేను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని అమ్మ తిట్టేది. నాయకులందరూ రెండు కాళ్ళమీదా సమంగా ఎందుకు నిలబడతారు, మామూలు మనుషులెవరూ అలా నిలబడరు కదా అని ఒకసారి నాన్నని అడిగాను.

"మనిషి పడితే లేస్తాడు. విగ్రహం పడితే మన పరువు పోద్ది" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.

ఎనభైల చివర, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, రేపల్లె నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్ల నూలు చీర, చేతిలో గొడుగు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. మలేషియాలో రబ్బరు తోటల ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, తిరిగొచ్చి తమ్ముడి మేడమీద ఒక గదిలో ఉంటోంది. రేపల్లెలో అందరూ సిస్టరమ్మ అంటారట. మేమూ అలాగే పిలిచాం.

"చెయ్యి పైకాండీ, ముందుకాండీ?" అలవాటు కొద్దీ అడిగాడు నాన్న.

"రెండూ కాదండి. పైకి పోదామా అని ఆలోచిస్తున్న చెయ్యి" అందావిడ.

నాన్న నావైపు చూశాడు. ఆవిడ గొడుగు గోడకి ఆనించి, చెప్పులు విడిచి, షెడ్డు మధ్యలో నిలబడింది. చేతులు నెమ్మదిగా లేచాయి. మామూలు నెమ్మది కాదు, ఆకురాయి పడుతున్న మా పనివాళ్ళు చెయ్యి ఆపి చూసేంత నెమ్మది. బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి పోతోందని తెలుస్తోంది గానీ, ఎప్పుడు పోయిందో మాత్రం నేను పట్టుకోలేకపోయాను. వరిచేలో కొంగ అడుగు తియ్యాలా వద్దా అని ఆలోచించినట్టు ఒకచోట క్షణం ఉండి, మళ్ళీ కదిలింది. అంతలో కుడి చెయ్యి వణికింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, ఏమీ జరగనట్టు పమిట సర్దుకుంది.

"దీన్ని తై చీ అంటారండి, చీనా వాళ్ళది. మా ఆసుపత్రిలో బట్టలుతికే చీనా పెద్దావిడ దగ్గర నేర్చుకున్నా. అప్పట్నుంచి ఒక్కరోజు మానలేదు. ఈ మధ్యే చెయ్యి వణుకుతోంది. గుంటూరులో చూపించుకుంటే, ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదన్నారు డాక్టరు గారు. ఒళ్ళు మెల్లగా ఒక్కోటీ మర్చిపోద్దంట. ఎవరికన్నా నేర్పుదామంటే రేపల్లెలో ఒక్కళ్ళు రాలేదు. అంతా పోకముందు ఒక్క కదలికనన్నా కంచులో దాచుకోవాలండి."

నాన్న గడ్డం గోక్కున్నాడు. "కంచు కదలదు కదమ్మా."

"తెలుసండి. అందుకే కదలబోయే చోటు అడుగుతున్నా."

నాన్నకి ఆ వేసవిలో మూడు విగ్రహాలున్నాయి. కుదరదని చెప్పబోతున్నాడని ఆయన మెడ చూస్తేనే నాకు తెలిసింది. నేను చేస్తానన్నాను. "నువ్వు ముడతలు కదా చేసేది" అన్నాడు. "ఆవిడ కట్టుకుంది చీరే కదా, ముడతలకేం కొదవ" అన్నాను. పనివాళ్ళు నవ్వారు. నవ్విన తర్వాత కాదనడం నాన్నకి చేతకాదు. అడుగు ఎత్తు బొమ్మ, లోపల డొల్ల లేని గట్టి కంచు, మైనం పని నాది, పోత ఆయనది అని ఒప్పందం కుదిరింది.

వారానికి రెండుసార్లు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కేదాన్ని. స్కెచ్చి పుస్తకం, పెన్సిళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళిన మొదటి రోజే ఆవిడ వాటిని లోపల బల్లమీద పెట్టించేసింది.

"చూసి గియ్యకు. ముందు చెయ్యి. నా వెనకాల నిలబడి నేను చేసినట్టు చెయ్యి" అంది.

మేడమీద ఆవిడ ముందు, నేను వెనక. నాకు ముందు విసుగొచ్చింది. నేను బొమ్మ చెయ్యడానికి వచ్చాను గానీ బొమ్మనవ్వడానికి రాలేదు కదా. అయినా ఆ వీపు చూస్తుంటే ఒక్కో ప్రశ్న పుట్టుకొచ్చేది. చెయ్యి లేస్తుంటే భుజం ఎందుకు లేవట్లేదు? మోకాలు వంగుతోంది గానీ తల ఎత్తు ఎందుకు మారట్లేదు? ఆవిడ ప్రతిదానికీ జవాబు చెప్పేది కాదు. "అడగటం ఆపితే నీకే తెలుస్తుందిలే" అనేది. అడగటం ఆపమంటే నన్ను ఊపిరి ఆపమన్నట్టే.

చుట్టుపక్కల మేడలవాళ్ళకి ఇది రోజూ చూసే వినోదం. ఎదురింటి బీబీ గారు, సిస్టరమ్మ గాలిలో చేపలు పడుతోందని చెప్పుకునేదట. చర్చి అయ్యగారైతే ఒకరోజు మేడెక్కి వచ్చి, ఇది ఏ దేవుడికి చేసే పూజమ్మా అని అడిగారట. "పూజ కాదయ్యగారూ, మోకాళ్ళ నొప్పులకి" అని చెప్పి, ఆయన చేత కూడా రెండు నిమిషాలు చేయించి పంపిందట. ఆ తర్వాత అయ్యగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదని చెప్పి పకపకా నవ్వింది.

ఆ చీనా పెద్దావిడ అన్నిటికీ తావో అనే ఒక్క మాటే చెప్పేదట. తావో అంటే దారి అని ఆసుపత్రిలో తమిళ వార్డుబాయ్ ఒకతను తర్జుమా చేశాడట.

"దారంటే ఎక్కడికి?" అన్నాను.

"నేనూ అదే అడిగా. నవ్వింది. రైల్లో వచ్చేటప్పుడు భట్టిప్రోలు దగ్గర కాలవ చూస్తావుగా? గేదె అడ్డంగా పడుకుంటే నీళ్ళేం చేస్తాయి?"

"పక్కనుంచి పోతాయి."

"దాంతో పోట్లాడతాయా?"

"గేదె కూడా లేవదు కదా మరి?"

"దానికీ హాయేగా!" అంది.

నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒంగినవాడి వీపు మీదే అందరూ ఎక్కుతారు అని వాదించాను. ఆవిడ వాదించలేదు. "నన్ను తొయ్యి" అంది. పెద్దావిడని తొయ్యడమేంటని మొహమాటపడ్డాను. తొయ్యమంది. తోశాను. తీగ మీద ఆరేసిన తడిచీరని తోసినట్టయింది. చెయ్యి పోతోంది గానీ దేనికీ తగలదు. ఈసారి కోపంగా గట్టిగా తోశాను. ఆవిడ నడుం కొంచెం తిప్పి, నా భుజాన్ని రెండు వేళ్ళతో ముట్టుకుంది. నేను పోయి పక్కన చాపమీద ఆరబోసిన మిరపకాయల్లో కూర్చున్నాను. ఆ రోజు రైల్లో దారంతా నిలబడే తెనాలి వచ్చానని చెప్తే అమ్మ ఎందుకని కూడా అడగలేదు, నా నడక చూసి నవ్వింది.

ఆ తర్వాత నేను వాదించడం తగ్గించి చూడటం పెంచాను. ఆవిడ చెప్పిన లెక్క ఇది. మనిషికి ఎప్పుడూ ఒక కాలు నిండుగా ఉంటుంది, ఒకటి ఖాళీగా ఉంటుంది. నిండు కాలు మనిషిని మోస్తుంది, ఖాళీ కాలు ఎటు కావాలంటే అటు పోగలుగుతుంది. రెండూ నిండితే మనిషి దిమ్మె. మొత్తం ఆటలో కొంగ రెక్క విప్పడం అనే ఒక ఘట్టం ఉంది. వెనక కాలు మీదికి బరువంతా చేరుతుంది, ముందున్న ఎడమ కాలు ఖాళీ అవుతుంది, కుడి చెయ్యి లేస్తుంది. ఆవిడకి విప్పిన రెక్క అక్కర్లేదు. విప్పబోయే ముందు, ఎడమ కాలు అప్పుడే ఖాళీ అయి, మడమ నేల విడిచిన క్షణం కావాలి. ఎంత విడవాలి అని అడిగాను. లోపలికెళ్ళి ఒక పాత ఇన్లాండు లెటరు తెచ్చి, మడిచి, తన మడమ కిందికి తోసింది. అది ఇటునుంచి అటు వచ్చింది.

"ఇంతే" అంది.

మైనం, గుగ్గిలం కలిపి కాచి, బొమ్మ మొదలుపెట్టాను. మొదటి మూడూ చెడగొట్టాను. మొదటిది తూలిపోతున్న మనిషిలా ఉంది. రెండోది డాన్సు పోజు. మూడోది చూసి నాన్న, "ఈవిడ బస్సు కోసం చూస్తోందా ఏంటి?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ, నిజమే, అలాగే ఉంది. నాలుగోదానికి చీర దారి చూపించింది. బరువున్న కాలివైపు కుచ్చిళ్ళు బిగిసి ఉంటాయి, ఖాళీ కాలివైపు నిటారుగా వేలాడతాయి. అన్నేళ్ళూ నాయకుల పంచెలకి రెండువైపులా ఒకేలా ముడతలు తీసిన చేతికి ఆ తేడా దొరికేసరికి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఈలోగా ఆవిడ వణుకు పెరుగుతూనే ఉంది. మొదట్లో ఆ క్షణం దగ్గర పది ఊపిర్లు నిలబడేది. మామిడికాయలు వచ్చే వేళకి అది మూడుకొచ్చింది. నేను సంచిలో తీసుకెళ్ళిన మైనాన్ని వేళ్ళతో నొక్కుతూ ఉండగానే చెయ్యి వణకడం మొదలుపెట్టేది, ఆవిడ విసుగ్గా దించేసుకునేది. "తొందరగా కానియ్యే అమ్మాయ్" అనేది. ఏ పనిలోనూ తొందర కూడదని నాకు నేర్పిన మనిషి ఆ మాట అంటుంటే నాకు భయం వేసేది.

నాలుగో బొమ్మ పూర్తయ్యాక ఆవిడే తెనాలి వచ్చింది. బల్లచుట్టూ తిరిగి చూసింది. సంచిలోంచి అదే ఇన్లాండు లెటరు తీసి బొమ్మ మడమ కిందికి తోసింది. కాయితం అటువైపు వచ్చింది.

"ఇదేనే. ఇదే" అంది. ఆ సంతోషంలో, బాపట్లలో టీచరు చేస్తున్న చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను, నాలుగు రోజులు నువ్వూ రా, సముద్రం చూద్దువుగాని అంది. వెళ్ళాను.

బాపట్లలో రెండోరోజు పొద్దున్నే సూర్యలంక వెళ్ళాం. అల వెనక్కిపోయాక మిగిలే తడి ఇసుక మీద నన్ను ఆ కొంగ ఘట్టం చెయ్యమంది. చేశాను. వెనక్కి తిరిగి చూసుకోమంది. కుడి పాదం ముద్ర లోతుగా, మడమ దగ్గర నీళ్ళు ఊరేంతగా దిగింది. ఎడమ పాదానికి మునివేళ్ళ గుర్తులు మాత్రమే ఉన్నాయి, అవి కూడా పిట్ట వాలి లేచినట్టు పైపైన. ఆ మడమ ఉండాల్సిన చోట ఇసుక నున్నగా ఉంది. అన్ని నెలలు ఆవిడ చెప్పిందని చేశాను గానీ, ఆ మడమ ఎందుకు లేవాలో నాకు అప్పుడే తెలిసింది. అక్కడ ఏమీ లేదు కాబట్టే తర్వాతి అడుగుకి చోటుంది. నేను అరిచినంత పని చేశాను. సిస్టరమ్మ చెల్లెలు మా ఇద్దరినీ చూసి, "ఇసకలో ఏం దొరికిందే మీకు?" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెనాలిలో మా నాన్న కొలిమి రాజేసుకుంటున్నాడు. జంపని వైపు ఒక ఊరికి నిలువెత్తు విగ్రహం పోత ఉంది. అదే వేడిలో నా బొమ్మ కూడా పోసేస్తే, నేను వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది, కూతురు సంతోషిస్తుంది అనుకున్నాడు. ఇందులో ఆయన మంచితనం తప్ప ఇంకేం లేదని ఇవాళ చెప్పగలను. అప్పుడు మాత్రం చెప్పలేకపోయాను.

మా పనిలో ఒక వాడుక ఉంది. మైనం బొమ్మకి మట్టి పూసే ముందు పెద్దవాడు దాన్ని ఆఖరిసారి సరిచూస్తాడు. మా ఎండలకి మైనం మెత్తబడి వంగుతుంది. వేలు వాలిపోతుంది, మెడ జారుతుంది, పాదం పీట మీదినుంచి లేస్తుంది. అలాంటివన్నీ వేడి కత్తితో సర్ది, గట్టిగా అదిమి, అప్పుడు కాలవ ఒండ్రుమట్టి పూస్తారు. మట్టి ఆరాక కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు. మైనం ఇక ఉండదు. అందుకే ఆ ఆఖరి చూపు మా ఇళ్ళలో దేవుడికి హారతిచ్చినంత శ్రద్ధగా ఉంటుంది.

నేను బాపట్ల నుంచి వచ్చేసరికి బొమ్మ చల్లారి మట్టి ముద్దలో ఉంది. పగలగొట్టడానికి నాన్న నాకోసమే ఆగాడు. సుత్తి నాకే ఇచ్చాడు. మట్టి పెళ్ళలు రాలాయి. ముందు చెయ్యి వచ్చింది, బాగుంది. ముఖం, బాగుంది. కుచ్చిళ్ళు, ఒక్క గీత కూడా పోలేదు. తర్వాత పాదాలు వచ్చాయి. రెండూ పీటకి అతుక్కుని ఉన్నాయి.

వేళ్ళతో తడిమాను. గోరు కూడా దూరలేదు. నాన్న మడమ దింపాడు. మడమ దిగేసరికి తుంటి వంకరగా కనపడి ఉంటుంది, దాన్నీ సర్దాడు. తుంటి సర్దాక నడుం ఎబ్బెట్టుగా ఉందని దాన్ని నిటారు చేశాడు. ముడతలు నా పని కాబట్టి మర్యాదగా వాటి జోలికి మాత్రం వెళ్ళలేదు. కుచ్చిళ్ళు ఒక కాలు ఖాళీ అంటున్నాయి, కాళ్ళేమో రెండూ నిండే అంటున్నాయి. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట.

"ఏం చేశావు నాన్నా?" అన్నాను.

"ఎండకి లేచిపోయిందే పాదం! సర్దకపోతే కంచులో కూడా అట్టాగే వచ్చేది."

"అది లేచిపోలేదు. నేనే లేపాను. ఆ మడమ కోసమే కదా ఇన్ని నెలలు..."

"అడుగుదామంటే నువ్వు ఊళ్ళో ఉంటేగా!"

పెద్ద గొడవే చేశాను. నాలుగు చేతులు తప్ప ఐదోది తెలియని షెడ్డు అన్నాను. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాను. పనివాళ్ళ ముందు ఆయన్ని అలా అని ఉండకూడదు. నాన్న వంగి బొమ్మ మడమ తడిమి చూశాడు. మడమ కోసి, కొంచెం ఎత్తి గ్యాసు వెల్డింగు పెట్టిస్తానన్నాడు. మడమ ఒక్కటే కాదు, దాన్ని లేపితే తుంటి కదలాలి, తుంటితో వెన్ను, వెన్నుతో చెయ్యి అని చెప్పాను. ఆయన ఆ కంచుబొమ్మని ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు బొమ్మని గోనెసంచిలో చుట్టుకుని రేపల్లె వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. చెప్పాల్సిన అవసరమే రాలేదు. సంచి విప్పగానే ఆవిడ చూసి, "ఎవరే ఈ నాయకురాలు? ఓటెయ్యమంటోందా?" అని నవ్వింది. నేను ఏడుస్తున్నానని చూసి ఆపింది. "పోనీలేవే. మైనం ఇంకా దొరుకుద్దిగా. నేనున్నానుగా. రా, మళ్ళీ చూపిస్తా" అంది.

పిట్టగోడ దగ్గర నిలబడింది. మోకాళ్ళు వంచింది. బరువు వెనక్కి తీసుకోవాలి, అంతే. కాలు ఖాళీ కాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి చేతి వణుకు భుజానికి, భుజంనుంచి నడుముకి పాకింది. పిట్టగోడ పట్టుకుంది. మూడోసారి చేసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచనట్టు కిందికి, తన కాళ్ళవైపు చూసుకుంది. ముప్ఫై ఏళ్ళు రోజూ చేసిన మనిషి.

"రావట్లేదే అమ్మాయ్" అంది. కుర్చీలో కూలబడి, "ఇంకొక్క నెల ఆగలేకపోయిందా ఈ దిక్కుమాలిన ఒళ్ళు" అని ఏడ్చింది. ఆవిడ ఏడవడం అదే మొదటిసారి చూశాను. నేను బాపట్ల వెళ్ళకుండా తెనాలిలో ఉండి ఉంటే అనే ఆలోచన నన్ను కోసేసింది.

ఏం చెయ్యాలో తెలియక, కనీసం గుర్తు చేద్దామని నేను లేచి నిలబడ్డాను. "మోకాలు ఇలా వంగుద్ది. బరువు ఇలా వెనక్కి. ఇలాగేనా సిస్టరమ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "మళ్ళీ చెయ్యి" అంది. చేశాను. "భుజం దించు. ఆ. చూపు దూరంగా పెట్టు. ఇప్పుడు కాలు, కాలు ఖాళీ కానియ్యి, తొందరేం లేదు." ఇన్లాండు లెటరు కోసం లోపలికి వెళ్ళలేక, కుర్చీ పక్కన గోడకి వేలాడుతున్న క్యాలెండరు కాయితం చింపి మడిచి, వంగి నా మడమ కిందికి తోసింది. అది అటువైపు వచ్చింది. ఆ కాయితాన్ని చేతిలో పట్టుకుని నావైపు చూసింది.

రెండో పోతకి బొమ్మ నా ఒంటినుంచే తీశాను. అమ్మ బీరువా అద్దాన్నీ, మంగలిషాపు నుంచి అడిగి తెచ్చిన రెండు అద్దాలనీ ఎదురెదురుగా నిలబెట్టుకుని, నిలబడటం, చూసుకోవడం, వెళ్ళి మైనం నొక్కడం, మళ్ళీ నిలబడటం. వానాకాలం అంతా అదే పని. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని షెడ్డులోకి వస్తుంటే లోపల నాన్న ఒక్కడే కనిపించాడు. చెప్పులు విడిచి, లుంగీ ఎగగట్టి, ఒక చెయ్యి గాలిలో పెట్టి, ఎడమ మడమ లేపాలని తంటాలు పడుతున్నాడు. తూలి, బల్ల పట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయాను. ఆయన మీద ఉన్న కోపం ఆ రోజుతో పోయింది.

మట్టి పూసే రోజున నాన్న నన్ను పిలిచి, వేడి కత్తి నా చేతికిచ్చాడు. ఆఖరి చూపు ఎప్పుడూ ఆయనదే. "నీ బొమ్మ, నువ్వే చూసుకో" అని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను చూశాను. సర్దాల్సిందేమీ లేదు. పోత ఆయనే పోశాడు. కరిగిన కంచు ఉన్న మూస వంచేటప్పుడు అంత జాగ్రత్తగా ఆయన్ని ఏ నాయకుడి విగ్రహానికీ నేను చూడలేదు.

వానలు వెలిశాక బొమ్మ తీసుకుని రేపల్లె వెళ్ళాను. అప్పటికి సిస్టరమ్మ నడక చిన్నదైపోయింది, మాట కూడా నెమ్మదించింది. బొమ్మని మేడమీద స్టూలు మీద పెట్టాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ముఖం చూసింది, చెయ్యి చూసింది, మడమ కింద వేలి గోరు పెట్టి చూసింది.

"బాగుంది. కానీ ఇది నేను కాదే" అంది. "ఈ నడుం నీది. ఈ మెడ నీది."

ఆవిడది దాస్తానని మాటిచ్చి నన్ను నేను పోసుకొచ్చాను. అబద్ధం చెప్పలేక, అవునండి, అద్దంలో నన్ను చూసుకునే చేశాను, ఇంకో దారి లేకపోయింది అన్నాను.

ఆవిడ విన్నదో లేదో తెలియలేదు. వెలుతురులో బాగా చూద్దామని కాబోలు, బొమ్మని వణికే చేత్తోనే మెల్లగా తిప్పింది. బొమ్మ వీపు ఆవిడ వైపుకి వచ్చింది. ఆవిడ చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

"అమ్మో" అంది. "ఈవిడెవరో తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"మా చీనా పెద్దావిడే. నాకు ఆమె భాష రాదు, ఆమెకి నా భాష రాదు. తెల్లారగట్ట ఆసుపత్రి వెనక పచ్చిక మీద ఆమె చేసుకునేది. నేను వెళ్ళి వెనకాల నిలబడేదాన్ని. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదే. అన్ని సంవత్సరాలు నేను చూసింది ఆమె వీపే. ముఖం ఎప్పుడో మర్చిపోయా. ఈ వీపు మాత్రం... ఇదుగో, ఇదే వీపు. నువ్వెట్టా చేశావే? నువ్వు చూడలేదుగా ఆమెని!"

ఆ మేడమీద అన్ని నెలలు నేను చూసింది కూడా ఒక వీపునే.

ఆవిడ నన్ను బొమ్మని పిట్టగోడ మీద పెట్టమంది. ముఖం ఊరివైపు, వీపు మావైపు. పెట్టాను. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. పట్టుకోబోతే వద్దంది. నాలుగు చిన్న అడుగులు వేసి బొమ్మ వెనకాల నిలబడింది. పడితే పట్టుకుందామని నేను ఆవిడ వెనకాల నిలబడ్డాను. తర్వాత ఆవిడ చేతులు వణుకుతూనే పైకి లేచాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే నేనూ చేతులెత్తాను. అప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, నేను వెనకే ఉన్నాను.